వీడియో వద్దన్న పిన్నిగారు

ఆ ఆదివారం సాయంత్రం పిన్నిగారు గడపలో కూర్చుండిపోయారు. ఇంటి గడపలో కాదు, ఆటలో. కంప్యూటర్ తెర మీద మేం ఆరుగురం ఒక పాత కోటలో, మూడో గది ముందు నిలబడి ఉన్నాం. మనుషులం మాత్రం ఆరు చోట్ల ఉన్నాం. చెవులకు హెడ్‌సెట్లు పెట్టుకుంటే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. అల్లవరం నుంచి సత్తిబాబు గొంతు సవరించుకున్నాడు.

"పిన్నిగారూ, ఈ గది ఎలా దాటాలో వీడియో దొరికిందండి. ఎంతో లేదు, చిన్నదే. చూసేసి లోపలికి వెళ్ళిపోదామండి."

ఆవిడ నడిపే ఎర్రజుట్టు యోధుడు చేతిలో డాలు పక్కన పెట్టి, గుమ్మానికి అడ్డంగా నేల మీద చతికిలబడ్డాడు. ఆ ఆటలో మనిషిని అలా కూర్చోబెట్టవచ్చని మాకెవరికీ అంతవరకు తెలియదు.

"వినబడుతోందాండీ?"

"వినబడుతోంది బాబూ. చూడండి. చూసినవాళ్ళు లోపలికి వెళ్ళండి. నేనిక్కడ కూర్చుంటాను."

"మీరు రాకపోతే ఆ తలుపు తెరుచుకోదు కదండీ. ఆరుగురూ ఉండాలాయె."

"ఆ సంగతి నాకూ తెలుసు."

సత్తిబాబు వెనక రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు మాత్రం వస్తోంది. రాజోలు నుంచి ఆడే కరుణకు మౌనం పడదు. ఆ అమ్మాయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. "మీ కోసమే అనుకున్నామండి..." అంది, అని ఆగిపోయింది.

"నా కోసం అంటే?"

ఆ వారంలో మేం ఐదుగురం ఆవిడకు తెలియకుండా ఫోన్లలో మాట్లాడుకున్నాం. పిన్నిగారి మూత్రపిండాలు చెడిపోయి అప్పటికి చాలాకాలం. వారంలో సగం రోజులు డయాలసిస్‌కే పోయేవి. గుండె కూడా నీరసిస్తోందని డాక్టర్లు చెప్పినట్టు ఆవిడ అక్కగారి అబ్బాయి, మా జట్టులోనే ఆడే ప్రభాకర్ మాకు చెప్పాడు. కోటలో ఇంకా రెండు గదులున్నాయి. మేం పోతున్న వేగం చూస్తే చివరి గదికి ఎప్పటికి చేరతామో తెలియదు. ఏదన్నా జరిగే లోపల ఆవిడను అక్కడిదాకా తీసుకెళ్ళాలని అందరం ఒప్పుకున్నాం.

"నేను పోయేలోపు కోట చూపించేద్దామనా?" అన్నారు పిన్నిగారు. గొంతులో కోపం లేదు. తరగతిలో హాజరు వేస్తున్నట్టు ఉంది. "మరి నన్ను చూపించడానికి తీసుకెళ్తున్నారా, ఆడడానికి తీసుకెళ్తున్నారా? అది తేల్చండి ముందు."

అందరికంటే ముందు కొత్తపేట రాజుగారు తేల్చారు. "ఆయ్. ఆడడానికేనండి."

"సర్లెండి, మూసేసేను," అన్నాడు సత్తిబాబు.

ఎర్రజుట్టు యోధుడు లేచి డాలు అందుకున్నాడు.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. మా జట్టులో ఆ పేరు ఎవరూ పలకలేదు కూడా. ప్రభాకర్‌కు సొంత పిన్ని కావడంతో జట్టులోకి వచ్చిన ప్రతివాళ్ళూ పిన్నిగారనే పిలిచారు. ఆవిడకంటే పెద్దవాణ్ణి, పత్రికాఫీసులో తల నెరిసినవాణ్ణి, నేనూ అలాగే పిలిచాను. ఇద్దరిదీ అమలాపురంలో ఒకే వీధి. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. వీధిలో ఎదురైతే గొడుగు కొంచెం ఎత్తి పలకరించి, ఆ రోజు పేపర్లో మేం చేసిన తప్పొకటి చెప్పి వెళ్ళిపోయేవారు.

డయాలసిస్ మొదలయ్యాక ఆవిడకు బయట తిరుగుడు తగ్గింది. పొద్దుపోవడానికని ప్రభాకర్ తన పాత కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. దాని మీద తను ఆడుతుంటే ఆవిడ వెనక నిలబడి చూశారట.

"ఆ డాలు పట్టుకున్నాయన అందరికంటే ముందెందుకురా నిలబడ్డాడు?"

"దెబ్బలన్నీ ఆయన కాస్తుంటే మిగతావాళ్ళు వెనకనుంచి పని చేసుకుంటారు పిన్నీ."

"అయితే అది నాకివ్వు. హెడ్మాస్టర్లకీ పిల్లలకీ మధ్య ఉద్యోగమంతా అలాగే నిలబడ్డాను."

ఆ విధంగా మా జట్టుకు డాలు దొరికింది. ఆవిడ తినే దెబ్బలకు మందు వేసే పని కరుణది. "ఇక్కడ కూడా నాకు డ్యూటీయేనా అండీ!" అని మొత్తుకునేది. సత్తిబాబు తన మనిషికి నెత్తి నుంచి పాదాల దాకా బంగారు కవచం తొడిగించి తిప్పేవాడు. పిన్నిగారు తన యోధుడికి మొదటిరోజు వచ్చిన గోనెగుడ్డ లాంటి చొక్కా ఏనాడూ మార్చలేదు. "పెళ్ళికొడుకులా ఉన్నావు సత్తిబాబూ. నా వెనకే ఉండు, దిష్టి తగుల్తుంది," అనేవారు.

ఈ ఆట గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. కొందరు కలిసి ఒక కోటలోకి వెళ్ళడాన్ని రెయిడ్ అంటారు. ఒక్కో గదిలో ఒక్కో ఆపద కాచుకుని ఉంటుంది. అందరూ సమయానికి ఎవరి పని వాళ్ళు చేస్తేనే అది దాటడం. ఒక్కరు తడబడితే అందరూ చస్తారు, లేచి మళ్ళీ గది మొదటినుంచి రావాలి. అప్పటికే దాటినవాళ్ళు ఎలా దాటాలో వీడియోలు తీసి పెడతారు. వాటిని గైడ్లు అంటారు. ఎక్కువమంది ముందు గైడు చూసి, తర్వాత కోటలోకి వెళ్తారు. అందులో తప్పేమీ లేదు. ఏదీ చూడకుండా, లోపలేముందో తెలియకుండా వెళ్ళి, చచ్చి నేర్చుకునేవాళ్ళు కొద్దిమంది. మేం ఆరుగురం ఆ కొద్దిమందిలో ఉన్నామంటే కారణం పిన్నిగారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, కాస్త నడుం వాల్చాక ఆవిడ కంప్యూటర్ ముందుకు వచ్చేవారు. మెత్తటి కుర్చీ వద్దని భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ లాక్కునేవారు. వీపు దానికి ఆనేది కాదు. హెడ్‌సెట్ పెట్టుకునే ముందు కళ్ళజోడు తుడుచుకోవడం మా అందరికీ తెలిసేది, ఎందుకంటే ఆ సమయంలో మైకు దగ్గర చీర కొంగు రాసుకునేది. ఒకరి ఇంటి చప్పుళ్ళు ఒకరికి అలా అలవాటైపోయాయి. రాజుగారి వెనక కొబ్బరికాయలు రాశి పోస్తున్న శబ్దం వస్తే ఆయన వరండాలో కూర్చున్నారని అర్థం.

చచ్చిన ప్రతిసారీ ఆవిడ అనే మాట ఒకటే. "సరే. ఎవరేం చూసేరు?"

వంతు ప్రకారం చెప్పాలి. ఎవరు తప్పు చేశారో చెప్పకూడదు. ఏం చూశామో అంతే చెప్పాలి. తను చూసింది ఆవిడ అందరి తర్వాత చెప్పేవారు. ముందే చెబితే మిగతావాళ్ళు తాము చూసింది మరిచిపోయి ఆవిడ చూసిందే చూశామంటారని ఆవిడ అనుమానం.

ఒకసారి నా వంతు వచ్చినప్పుడు, "ఆ రాక్షసుడికి కోపం వచ్చిందండి," అన్నాను.

"కోపం మీరు చూసేరా?"

"చూసేనండి."

"చెయ్యెత్తడం చూసేరు. కోపం మీరు కలిపేరు."

సత్తిబాబు పగలబడి నవ్వాడు. "పేపరాయన కదండీ! కలపకపోతే వార్త ఎలాగవుద్దండీ?" ఇన్నేళ్ళ ఉద్యోగంలో మా ఎడిటర్లెవరూ నన్ను ఇంత శుభ్రంగా దిద్దలేదు.

గైడ్ల మీద సత్తిబాబుకూ ఆవిడకూ వాదన ఎప్పుడూ నడిచేది. అతనివి తేలిగ్గా తీసేసే మాటలు కావు. "మా చెరువులో రొయ్యకి జబ్బొస్తే నేను టెక్నీషియన్ని పిలుస్తానండి. అన్నీ చచ్చేదాకా గట్టు మీద కూర్చుని నేర్చుకోమంటారా?" అనేవాడు.

"పిలవాలి బాబూ. తప్పకుండా పిలవాలి. అక్కడ చచ్చేవి రొయ్యలు, అవి మళ్ళీ లేవవు. ఇక్కడ చచ్చేది మనం. లేచి బట్టలు దులుపుకుని మళ్ళీ వెళ్తాం. చచ్చి నేర్చుకునే వీలు దేవుడు ఇంకెక్కడన్నా ఇచ్చేడా?"

"మరి మీరు డాక్టరు చెప్పిన మందులే వాడుతున్నారు కదండీ, చూడకుండా ఏవో మింగట్లేదు కదా?" అని కరుణ అందుకునేది.

"వాడుతున్నానమ్మా. ఉప్పు కూడా మానేసేను. ఆవకాయ మాత్రం వీడియోలోనే చూస్తున్నాను. దానికి నాకేం అభ్యంతరం లేదు."

ఒక్కసారి మాత్రం ఆ వాదన వెనక ఏముందో బయటపడింది. మన బళ్ళలో పిల్లలు కొనుక్కునే ప్రశ్నా జవాబుల పుస్తకాన్నీ గైడే అంటాం. "ఉద్యోగమంతా గైడ్లో జవాబులకి ఎర్రగీత గీయించేనండి," అన్నారు ఆవిడ. "రిజల్టు కావాలన్నారు. పిల్లలు పాసయ్యేరు. బాగానే ఉన్నారు, ఎదురుపడితే నమస్కారం పెడతారు. కానీ ఒక్క పిల్లకి కూడా ఆ గీత లేకుండా దేన్నన్నా తిన్నగా చూసే తీరిక ఇవ్వలేదు. ఇప్పుడు నాకు తీరికుంది. నన్ను చూడనివ్వండి."

ఇంకో సంగతి. కరుణకు డ్యూటీ పడ్డ ఒక ఆదివారం ఆరో మనిషి కోసం ఎవరో తెలియని ఆటగాణ్ణి పిలిచి, వేరే చిన్న కోటకు వెళ్ళాం. కుర్రగొంతు, హైదరాబాదు మాట. ఆ కోట అతనికి కొట్టినపిండి. ఎడమకి రండి, ఆగండి, ఇప్పుడు కొట్టండి, వెనక్కి పరుగెత్తండి అంటూ తీసుకుపోయాడు. మర్యాదగానే చెప్పాడు. కాఫీ తాగినంత సేపట్లో కోట అయిపోయింది. అతను బై చెప్పి వెళ్ళిపోయాక పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే. ఎవరేం చూసేరు?"

ఎవరం ఏమీ చెప్పలేకపోయాం. రాజుగారు చాలాసేపు ఆలోచించి, "ఆ అబ్బాయి వీపు చూసేనండి," అన్నారు.

"గెలిచేం కదండీ, ఇంకేం కావాలండీ?" అన్నాడు సత్తిబాబు.

"గెలిచేం. చాలా మంచి అబ్బాయి," అన్నారు పిన్నిగారు. ఆ కోట పేరు మాత్రం మళ్ళీ ఎవరం ఎత్తలేదు.

ఇక మూడో గది దగ్గరికి వస్తాను. ఆ చివర తలుపు. తలుపుకు అటూ ఇటూ రెండు రాతి పీటలు. రెండింటి మీదా ఇద్దరు ఎక్కి నిలబడితే తలుపు తెరుచుకుంటుందని మాకు అర్థమైంది. నడుమ ఒక కంచు మనిషి, చేతిలో సమ్మెట. గదిలో అడుగు పెట్టగానే మీదికి వస్తాడు. మేం పరుగెత్తేవాళ్ళం, అతను మాకంటే వేగంగా వచ్చేవాడు, సమ్మెట దిగేది. వారాల తరబడి అదే తంతు. పీటల దాకా ఇద్దరు చేరడం గగనమైపోయింది.

పిన్నిగారు గడపలోంచి లేచి వచ్చిన ఆ ఆదివారం రాజుగారూ నేనూ ఎలాగో పీటల దాకా చేరాం. అప్పటికే మిగతా ముగ్గురూ నేలకరిచారు. డాలు ఎత్తి పట్టుకుని పిన్నిగారు ఒక్కరే గది మధ్యలో కదలకుండా నిలబడ్డారు.

"తవరు ముందు ఎక్కండి," అన్నారు రాజుగారు.

"అబ్బే, మీరు ఎక్కండి రాజుగారూ."

"పెద్దవారు తవరుండగా నేనెలాగండీ? దయచేయండి."

"నాదేముందండీ, మీరు కానివ్వండి."

రాజుగారు కొబ్బరి వ్యాపారి. ఆయన ఇంటికి కాయలు దింపడానికి వచ్చిన కూలీని కూడా 'తవరు' అనే మనిషి. నాకూ చిన్నప్పటినుంచీ అదే అలవాటు. నిజం పీట అయితే ఇద్దరిలో ఎవరో ఒకరం చెయ్యి పట్టి ఎక్కించేవాళ్ళం. ఆటలో ఆ వీలు లేదు. రెండు బొమ్మలు పీటల పక్కన నిలబడి ఉన్నాయి, రెండు గొంతులు ఒకరినొకరు బతిమాలుకుంటున్నాయి. చచ్చిపడి ఉన్న కరుణ అరుస్తోంది. "ఎవరో ఒకరు ఎక్కండీ బాబూ! ఇదేమన్నా పెళ్ళి బంతా!" చివరికి మొహమాటం భరించలేక నేను కదిలాను. సమ్మెట దిగింది.

"సరే. ఎవరేం చూసేరు?"

రాజుగారు తన తప్పు చెప్పబోయారు. "నేను వారికి దారివ్వబోయి..."

"మీ సంగతి కాదండీ. మీరిద్దరూ మర్యాదలు చేసుకుంటున్నంతసేపూ ఆ కంచు మనిషి ఏం చేసేడు?"

మేం చూడలేదు. మర్యాదల్లో ఉన్నవాళ్ళకు వెనక సమ్మెట కనబడదు. ఆ రోజు మాత్రం ఆవిడ మేం చెప్పేదాకా ఆగలేకపోయారు. "సమ్మెట మీ ఇద్దరి నెత్తిన ఎత్తి పట్టుకుని, అలాగే నిలబడిపోయేడు. నేను కదల్లేదు, మీరు కదల్లేదు. ఆయనా కదల్లేదు. ఈయన అడుగేసేకే సమ్మెట దిగింది."

సత్తిబాబు నెమ్మదిగా, "మనం కదిలితేనే కదులుతాడన్నమాట," అన్నాడు. "ఇన్నాళ్ళూ మనమే పరిగెత్తి వాణ్ణి పరిగెత్తించేమండీ!"

అక్కడినుంచి పని మారిపోయింది. గదికి ఈ మూల ఒకరు కదిలితే కంచు మనిషి ఇటు తిరిగి వస్తాడు. ఇక్కడివాళ్ళు ఆగి, ఆ మూల ఇంకొకరు కదిలితే అటు తిరుగుతాడు. అలా ఒకరి తర్వాత ఒకరు పిలుచుకుంటే నడుమనే తిరుగుతూ ఎవరినీ చేరలేడు. చిక్కల్లా మాటతో వచ్చింది. "రాజుగారూ, నేను ఆగేనండి, ఇక తవరు కొంచెం కదుల్తారాండీ" అనే లోపల సమ్మెట నెత్తిన ఉంటోంది. గదిలో ఉన్నంతసేపూ గార్లూ అండీలూ వద్దని పిన్నిగారు ఆజ్ఞ వేశారు. ఎవరివల్లా కాలేదు. సత్తిబాబు ఒకసారి తెగించి "పిన్నీ, ఆగు!" అని, వెంటనే "క్షమించండి" అని, ఆ క్షమాపణ చెబుతూ మీట వదలడం మరిచిపోయి అందరినీ చంపాడు.

దారి రాజుగారే చూపించారు. గార్లు వదలడం ఆయనకు చేతకాక, అసలు మాటలే మానేశారు. ఆగిన వెంటనే, మా వైపు అవునండీ అనడానికి వాడే "ఆయ్" అన్నారు. అంతే. నా పని అయింది, ఇక మీ వంతు అని. ఆ ఒక్క అక్షరంలో అవతలివాళ్ళ మర్యాదకు లోటు లేదు, సమ్మెటకు అందేంత ఆలస్యమూ లేదు. "అదీ!" అన్నారు పిన్నిగారు.

దాన్ని పట్టుకోవడానికి ఇంకో రెండు మూడు ఆదివారాలు పట్టింది. ఒక సాయంత్రం ఆ గదిలో ఆయ్, ఆయ్, ఆయ్ తప్ప ఇంకో మాట లేదు. అల్లవరం, రాజోలు, కొత్తపేట, అమలాపురం, ఒక ఊరి తర్వాత ఒక ఊరు పలుకుతోంది. చర్చిలో ప్రభుభోజనానికి వరసలో వెళ్తున్నవాళ్ళలా నింపాదిగా గది దాటాం. రెండు పీటల మీదా రెండు బొమ్మలు నిలబడ్డాయి. తలుపు రెండు రెక్కలుగా తెరుచుకుంది. కరుణ కేకకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారట. సత్తిబాబు చెరువు గట్టు మీద పనివాళ్ళు ఏమైందోనని అతను కూర్చుని ఆడే కొట్టులోకి తొంగిచూశారట. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎన్నికల ఫలితాలకు కూడా ఆఫీసులో నేనలా లేవలేదు.

కేకలన్నీ సద్దుమణిగాక హెడ్‌సెట్లో చీర కొంగు రాసుకున్న చప్పుడైంది.

"సరే. ఎవరేం చూసేరు?"

గెలిచినా అడిగారు. ఈసారి ఆరుగురం ఆపకుండా చెప్పాం. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎప్పుడు ఆగారు, కంచు మనిషి ఏ భుజం మీదుగా తిరిగాడు, అన్నీ. ఆ రోజు మా ఆరుగురిలో ఎవరిని లేపి అడిగినా గది మొత్తం చెప్పగలిగేవాళ్ళం. చివర ఆవిడ తను చెప్పేదేమీ మిగల్లేదన్నారు. జట్టులో ఆవిడ నోట ఆ మాట రావడం అదొక్కసారే. ఏ బహుమానం తీసుకున్నప్పుడూ నాకు అంత గర్వంగా అనిపించలేదు.

చివరి గదిలో శత్రువు లేడు. నున్నటి నేల, నాలుగు గోడలు, మధ్యలో వేలాడుతున్న ఒక గంట. కాసేపటికి అది దానంతట అదే మోగుతుంది. మోగగానే ఆరుగురం పడిపోతాం. పరుగెత్తి చూశాం, నిలబడి చూశాం. గంటను కొట్టి చూశాం, గంట కింద గుమిగూడి చూశాం. "కొట్టేవాడు కనబడకుండా చావడం మా ఆసుపత్రిలో కూడా చూళ్ళేదండి," అంది కరుణ. వీడియో మాట సత్తిబాబు కూడా ఎత్తలేదు.

ఆ మధ్య పిన్నిగారి చేతివేళ్ళు వాచేవి. డాలు ఒక్కోసారి ఆలస్యంగా లేచేది. ఎవరం గమనించనట్టే ఉండేవాళ్ళం. ఆవిడకు అదీ తెలుసు. "వేళ్ళదే తప్పు, డాలుది కాదు," అని తనే చెప్పేసేవారు.

ఆవిడ ఆడిన ఆఖరి ఆదివారం రెండుసార్లే వెళ్ళాం. రెండోసారి గంట మోగి అందరం పడ్డాక వంతులవారీగా చెప్పాం. కొత్తగా ఏమీ చూడలేదన్నాం. ఆవిడ వంతు వచ్చింది.

"నాకొకటి కనబడింది," అన్నారు.

"ఏంటండీ?" అన్నాం, అందరం ఒక్కసారే.

"ఇంకోసారి వెళ్ళి మీరు చూడండి. వచ్చే ఆదివారం మీరు చెప్పేక నేను చెబుతాను. ఇవాళ అలిసిపోయేను."

"పిన్నిగారూ, ఇది అన్యాయమండీ. వీడియో చూడొద్దంటారు, మీరు చూసింది చెప్పొద్దంటారు!" అన్నాడు సత్తిబాబు.

"చెప్పనన్నానా బాబూ? చివర చెబుతానన్నాను."

మర్నాడు ఆవిడను కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రభాకర్ పక్కనే ఉన్నాడు. రెండోరోజు కొంచెం తేరుకున్నట్టు కనబడితే, నవ్వించడానికని అడిగాడట. "పిన్నీ, ఇంతకీ ఆ గంట సంగతేంటి?" ఆవిడ అతని వైపు తిరిగి, "మీరింకా చూళ్ళేదా?" అన్నారట. ఆదివారం రాకముందే పోయారు.

అమలాపురంలో సమాధి కార్యక్రమానికి మేం అందరం వెళ్ళాం. ప్రభాకరూ నేనూ తప్ప జట్టులో ఒకరినొకరు కళ్ళతో చూసుకున్నవాళ్ళు లేరు. అంత పెద్ద గొంతున్న సత్తిబాబు పీలగా, పొట్టిగా ఉన్నాడు. కరుణ డ్యూటీ మధ్యలో యూనిఫాంతోనే వచ్చింది. చర్చి ఆవరణలో ఒక మూల తెల్లటి పంచె కట్టుకుని పొడుగాటి మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నారు. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే, పక్కనున్న ముసలావిడకు చూపించి, "తవరు కూర్చోండి," అన్నారు. దగ్గరికి వెళ్ళి రాజుగారా అని అడిగాను. "ఆయ్," అన్నారు.

కార్యక్రమం అయ్యాక పాస్టరుగారు మా దగ్గరికి వచ్చి ఆదరంగా పలకరించారు. "ఆమెకు మీరు ఏమవుతారండీ?" అని రాజుగారిని అడిగారు.

"కలిసి ఆడుకునేవాళ్ళమండి," అన్నారు రాజుగారు.

పాస్టరుగారు ఆయన నెరిసిన జుట్టు వైపూ మా వైపూ చూశారు. మా ఐదుగురిలో ఎవరం ఆ మాటను సవరించలేదు, వివరించలేదు. ఆ మాట అన్నప్పుడు రాజుగారు నిటారుగా నిలబడ్డ తీరు నాకు బాగా గుర్తుంది. నేనూ అలాగే నిలబడ్డాను.

ఆరో మనిషి లేనిదే కోట తలుపు తెరుచుకోదు. ఇప్పుడు ఆ చోట రాజుగారి భార్య కూర్చుంటున్నారు. ఆవిడ డాలు పట్టడం నేర్చుకున్నారు. ఒకసారి కరుణే బయటపడింది. "ఒక్కసారి వీడియో చూద్దామండీ. దాటడానికి కాదు. పిన్నిగారికి ఏం కనబడి ఉంటుందో తెలుస్తుంది కదా," అంది.

వద్దన్నది సత్తిబాబు. "అందులో చూడ్డానికేమీ లేకపోతే? అప్పుడేం చేస్తాం చెప్పండి?"

అంతటితో ఆ మాట ఆగింది. గంట గది మేం ఇంతవరకు దాటలేదు. అందులో పిన్నిగారికి ఏం కనబడిందో, నిజంగా కనబడిందో లేదో, మాలో ఎవరికీ తెలియదు.